పాత బోటు మోటారు ఇంట్లనే బాగు చేసుకునుడు: మొదటి నట్టు నుంచి మళ్ళ చెరువుల దించేదాకా

పాకాల దిక్కు నుంచి, రామప్ప దిక్కు నుంచి, మానేరు డ్యామ్ మీద వలలేసేటోళ్ళ నుంచి ఒకటే మాట మళ్ళ మళ్ళ వస్తున్నది. "అన్నా, పాత మోటారు కొన్న, తాడు గుంజీ గుంజీ భుజాలు పోయినయి, స్టార్ట్ అయితలేదు, ఏం చెయ్యాలె?" ఫోన్ల చెప్తే సగం అర్థమైతది సగం కాదు, అందుకే మొత్తం ఒక్క దగ్గర వరుసగా రాస్తున్న.

ఒక్క మాట ముందే పట్టుకోండి. పాత టూ స్ట్రోక్ మోటారు (పెట్రోల్ల ఆయిల్ కలిపి నడిపేది) అరిగి చచ్చుడు తక్కువ. నీళ్ళ పంపు ఖరాబై వేడికి పట్టేసుడు, నిల్వ పెట్రోలుతోని కార్బరేటర్ మూసుకపోవుడు, ఈ రెండే ఎక్కువ. కాబట్టి పని వరుస ఎప్పుడైనా ఇదే: ముందు నీళ్ళు, తర్వాత స్పార్క్, ఆ తర్వాత పెట్రోలు. మనోళ్ళు ఉల్టా చేస్తరు, ముందే కార్బరేటర్ విప్పుతరు, ఎట్లనో స్టార్ట్ చేస్తరు, నీళ్ళు తిరగని మోటారును అయిదు నిమిషాలు నడిపి పిస్టన్ పట్టిచ్చుకుంటరు.

1. మీ మోటారు ఏందో ముందు తెలుసుకోండి

పడవకు బిగించే క్లాంపు పక్కన చిన్న ప్లేటు ఉంటది, దాని మీద మోడల్ నంబరు ఉంటది. గుడ్డతో తుడిచి ఫోటో తీసి పెట్టుకోండి, స్పేర్లు అడగాలంటే ఇదే ఆధారం. "యమహా 8" అని చెప్తే చాలదు, అదే 8 హార్స్‌పవర్‌ల వేరే వేరే రకాలు ఉంటయి.

ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల, ఆయిల్ పోసే మూత ఉంటే ఫోర్ స్ట్రోక్. లేకుంటే టూ స్ట్రోక్. ఈ రాసిందంతా 5 నుంచి 25 హార్స్‌పవర్ లోపల టూ స్ట్రోక్ పెట్రోల్ మోటార్లకు. కిరోసిన్ మోడల్ అయితే పెట్రోలు మీద స్టార్ట్ చేసి కిరోసిన్ కు మార్చాలె, ఆపేముందు మళ్ళ పెట్రోలు మీదికి తేవాలె. పెట్రోల్ మోటార్ల కిరోసిన్ పోసి నడిపే ప్రయోగం మాత్రం చెయ్యకండి.

ఇంకోటి, మన దగ్గరికి వచ్చే పాత మోటార్లు చాలావరకు కాకినాడ, మచిలీపట్నం సముద్రం మీద పనిచేసి వచ్చినవే. మూత తీసి చూస్తే బోల్టుల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అది ఉప్పునీళ్ళ మోటారు. దానికి లోపల నీళ్ళ దారులు ఉప్పుతోని మూసుకొని ఉండొచ్చు, బోల్టులు పట్టేసి ఉంటయి. ధర మాట్లాడేటప్పుడే ఇది లెక్కల పెట్టుకోండి.

2. సామాన్లు

విప్పినంక సామాను కోసం నర్సంపేటకు, వరంగల్ కు తిరుగుడు పెట్టుకుంటే చిన్న నట్లన్నీ ఎక్కడియక్కడ పోతయి. ముందే అన్నీ పెట్టుకొని కూసోండి.

- 8, 10, 12, 14 నంబర్ పానాలు, బాక్స్ పానాలు ఉంటే ఇంకా మంచిది
- ప్లగ్గు పానా
- గాటుకు సరిగ్గ సరిపోయే వెడల్పు పేచ్‌కస్, గేర్ ఆయిల్ స్క్రూలకు ఇది లేకుంటే గాటు చెడిపోతది
- నోస్ ప్లేయర్, చిన్న సుత్తె, కట్టె ముక్క
- సన్న సందులు కొలిచే ఫీలర్ గేజ్, సిలిండర్ల గాలి ఒత్తిడి చూసే కంప్రెషన్ గేజ్ (బండ్ల మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్నా నడుస్తది)
- నీళ్ళ పంపు కిట్, రెండు కొత్త ప్లగ్గులు, గేర్ స్క్రూల వాషర్లు
- నీళ్ళకు తట్టుకునే మెరైన్ గ్రీజు
- కార్బరేటర్ క్లీనర్ స్ప్రే
- 200 లీటర్ల డ్రమ్ము
- బకెట్ నిండ ఇసుక, పెట్రోలు పని దగ్గర ఇది తప్పకుండ ఉండాలె
- ఖాళీ గుడ్ల ట్రే, విప్పిన నట్లు వరుస ప్రకారం దాంట్ల వేసుకుంటే ఏది ఎక్కడిదో మర్చిపోం

పానాలు, స్ప్రే, గేర్ ఆయిల్ ఇవన్నీ వరంగల్, హన్మకొండ ఆటో స్పేర్స్ దుకాణాల్ల దొరుకుతయి. ఇంపెల్లర్ (నీళ్ళ పంపుల తిరిగే రబ్బరు రెక్కల చక్రం), గాస్కెట్లు లాంటివి మాత్రం కోస్తా దుకాణాలకు ప్లేటు ఫోటో పంపి పార్సిల్ తెప్పిచ్చుకునుడే. ఇంపెల్లర్ ఒక్కటే కాకుండ మొత్తం కిట్ అడగండి, దాంట్ల కీ, గాస్కెట్, ఓ రింగులు, కింది స్టీలు ప్లేటు వస్తయి.

3. జాగా, స్టాండు

రెండు ఇంచుల మందం పలకను గట్టి కాళ్ళ మీద బిగిచ్చి మోటారును దానికి క్లాంపు చెయ్యండి. 15 హార్స్‌పవర్ మోటారు 35 కిలోల పైనే ఉంటది, గోడకు ఆనిచ్చి పెడితే ఎప్పటికైనా కాలి మీద పడుడే. పని బయట చెట్టు కింద గాని, గాలి ఆడే రేకుల షెడ్డు కింద గాని చెయ్యండి, నాలుగు గోడల మధ్య మోటారు స్టార్ట్ చేసుడు ప్రాణం మీదికి తెస్తది, ఆ పొగ అట్లాంటిది.

డ్రమ్ముల నీళ్ళు ఎంత ఉండాలెనంటే, ప్రొపెల్లర్ పైన పళ్ళెం లెక్క ఒక అడ్డ ప్లేటు ఉంటది చూడండి, దాని కంటె జానెడు పైకి ఉండాలె. నీళ్ళు లేకుండ "ఒక్కసారి స్టార్ట్ అయితదో లేదో చూద్దాం" అని గుంజకండి. పొడిగ కొన్ని సెకండ్లు తిరిగినా రబ్బరు ఇంపెల్లర్ చెడిపోయే అవకాశం ఉన్నది.

4. విప్పకముందు మూడు పరీక్షలు

ఈ మూడు చూస్తే మోటారు మీద పైసలు పెట్టాలెనా వద్దా అనేది అరగంటల తేలిపోతది.

మొదటిది కంప్రెషన్. ప్లగ్గులన్నీ తీయండి, ప్లగ్గు వైర్లను ఇంజన్ బాడీకి తగిలిచ్చి ఉంచండి (గాల్ల వదిలేసి గుంజితే సీడీఐ, అంటే స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా, కాలే అవకాశం ఉన్నది), యాక్సిలరేటర్ పూర్తిగ తెరిచి గేజ్ పెట్టి అయిదారు సార్లు గట్టిగ గుంజండి. చిన్న మోటార్లకు 90 నుంచి 120 పీఎస్ఐ దాకా వస్తే మంచిగున్నట్టు. నంబరు కంటె ముఖ్యం ఏందంటే రెండు సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటొద్దు. ఒకటి 110, ఇంకోటి 60 ఉంటే రింగులో, హెడ్ గాస్కెట్టో పోయినట్టు, అప్పుడు ఈ పని ఇంట్ల తెమిలేది కాదు.

రెండోది గేర్ ఆయిల్. కింది స్క్రూ కొంచెం వదులు చేసి రెండు చుక్కలు చూడండి. పాల చాయ లెక్క ఉంటే లోపలికి నీళ్ళు పోతున్నయి. ముందు నీళ్ళే వచ్చి తర్వాత ఆయిల్ వచ్చినా అదే లెక్క.

మూడోది ప్రొపెల్లర్‌ను చేతితోని తిప్పి చూసుడు. న్యూట్రల్‌ల సాఫీగ తిరగాలె, గేర్ల వేస్తే పట్టుకోవాలె, గరగర చప్పుడు రావొద్దు.

5. నీళ్ళ పంపు, అన్నిటికంటె పెద్ద పని

పాత మోటారు ఇంటికి వస్తే నేను మాట్లాడకుండ ముందు ఇదే మారుస్త. అమ్మినాయన "మొన్ననే కొత్తది ఏసిన" అన్నా సరే.

నేను సెకండ్ హ్యాండ్‌ల కొన్న ఒక 15 హార్స్‌పవర్ మోటారుకు ఇట్లనే "కొత్తది" అన్నరు. పంపు విప్పి చూస్తే ఆరు రెక్కల్ల రెండు లేవు, మిగిలిన నాలుగు ఎండిన మిరపకాయ లెక్క ఒక్క దిక్కే వంగిపోయి గట్టిపడ్డయి, గోరు పెట్టి వంచితే పటుక్కున పగులు కనిపిస్తున్నది. ఊడిన రెండు ముక్కలు యాడ పోయినయి? పైకి పోయే రాగి పైపుల ఒకటి, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచి మూసేది) కింద ఒకటి దొరికినయి. ఆ ముక్కలు వెతకకుండ కొత్త ఇంపెల్లర్ వేసి మూసుంటే నీళ్ళు సగమే తిరిగేవి, ఇంజన్ చేతికి రాకపోయేది.

పని వరుస ఇట్ల:

ముందు ప్లగ్గు వైర్లు ఊడదీయండి, ఎమర్జెన్సీ స్విచ్ (నడిపేటోడు నీళ్ళల్ల పడితే మోటారు ఆపేది) క్లిప్పు, తాడు తీసేయండి. ప్రొపెల్లర్ దగ్గర చేతులు పెట్టేముందు ఇది అలవాటు చేసుకోండి.

గేర్ లివర్ ఎటు ఉందో చూసుకొని ఫోటో తీయండి. గేర్ రాడ్డు మధ్యల ఒక జాయింట్, లాక్ నట్టు ఉంటది. రాడ్డు జాయింట్ల ఎంత లోపలికి పోయిందో మార్కర్‌తోని గీత పెట్టి విప్పండి. గీత లేకుంటే మళ్ళ బిగిచ్చినంక ముందు గేరు పడితే వెనక గేరు పడదు.

కింది భాగాన్ని, అంటే గేర్ బాక్స్ ఉన్న భాగాన్ని, పట్టుకున్న నాలుగైదు బోల్టులు విప్పండి. పట్టేసిన బోల్టు ఉంటే పానాకు పైపు తొడిగి తిప్పకండి, అల్యూమినియంల స్టీలు బోల్టు తల తెగిందంటే లేత్ దుకాణానికి పోవుడే. తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచండి, పొద్దున కొంచెం బిగిచ్చి కొంచెం వదిలి, మళ్ళ బిగిచ్చి మళ్ళ వదిలి, అట్ల ఓపికగ తిప్పండి. వేడి చెయ్యాల్సి వస్తే పెట్రోలు ట్యాంకు, పైపు దూరం పెట్టి కొంచెం కొంచెం వేడి చెయ్యండి.

కట్టె ముక్క అడ్డం పెట్టి మెల్లగ కొడితే కింది భాగం జారుతది. నిటారుగ కిందికి గుంజండి, పక్కకు వంచితే డ్రైవ్ షాఫ్ట్ వంగుతది.

పంపు డబ్బా బోల్టులు తీసి పైకి ఎత్తండి. ఇంపెల్లర్ షాఫ్ట్ మీద ఉంటది, దానికి ఒక చిన్న అర్ధచంద్రం లాంటి కీ ఉంటది. ఆ కీ జారి మట్టిల పడితే దొరకదు, కింద తెల్ల గుడ్డ పరిచి చెయ్యండి.

డబ్బా లోపల గోడలు, కింది స్టీలు ప్లేటు గోరుతోని రాసి చూడండి. గోరు ఆగేంత గీతలు ఉంటే అవి కూడ మార్చాలె, కొత్త రబ్బరు వేసినా ఆ గీతల్ల నుంచి నీళ్ళు జారిపోతయి.

కొత్త ఇంపెల్లర్‌కు, డబ్బా లోపలికి కొంచెం గ్రీజో, సబ్బు నీళ్ళో రాయండి. కీ కూర్చోబెట్టి ఇంపెల్లర్ దించండి. ఇప్పుడు డబ్బాను పైనుంచి మెల్లగ నొక్కుకుంటనే షాఫ్ట్‌ను గడియారం ముల్లు తిరిగే దిక్కు తిప్పండి, పైనుంచి చూస్తే కుడి దిక్కు అన్నట్టు. రెక్కలు వాటంతటవే సరైన దిక్కు వంగి లోపలికి పోతయి. తర్వాత పొరపాటున కూడ ఉల్టా తిప్పకండి, రెక్కలు మడతపడి విరుగుతయి.

మళ్ళ ఎక్కించేటప్పుడు చూసుకునేవి:

- షాఫ్ట్ పైన పళ్ళకు పక్కల మాత్రం గ్రీజు, పైన కొస మీద పెట్టొద్దు, అక్కడ గ్రీజు కూసుంటే షాఫ్ట్ పూర్తిగ పైకి ఎక్కది
- నీళ్ళ పైపు పంపు మీద రబ్బరు బుష్‌ల సరిగ్గ దిగిందా, లైటు వేసి చూడండి
- షాఫ్ట్ పళ్ళు కలవకుంటే ఇంజన్ పైన ఉండే బరువు చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, చేతితోని కొంచెం కుడికి తిప్పండి, బోల్టులు బిగిచ్చి బలవంతంగ గుంజొద్దు
- గేర్ రాడ్డు పాత గీత దాకా
- బోల్టుల మరలకు మెరైన్ గ్రీజు, మళ్ళ ఏడాది మీరే విప్పుకోవాలె కదా

ఉప్పునీళ్ళ మోటారు అయితే ఈ పనిలనే థర్మోస్టాట్ మూత కూడ తీయండి. లోపల సున్నం లెక్క గట్టిపడి ఉంటే కట్టె పుల్లతోని గోకి, వెనిగర్ పోసి కొన్ని గంటలు ఉంచి కడగండి. థర్మోస్టాట్‌ను దారానికి కట్టి గిన్నెల నీళ్ళు వేడి చెయ్యండి, నీళ్ళు మరిగేలోపలనే తెరుచుకోవాలె, చల్లారితే మూసుకోవాలె. మూసుకొనే ఉంటే కొత్తది. థర్మోస్టాట్ తీసిపారేసి నడిపేటోళ్ళు ఉన్నరు, అట్ల చేస్తే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ప్లగ్గులు తడిసి నల్లబడుతయి.

ఇంపెల్లర్ ఏడాదికొకసారి మార్చండి. మన చెరువుల్ల ఎండాకాలం నీళ్ళు తగ్గినంక అడుగు బురద, ఇసుక గుంజుకుంటది, సముద్రపు మోటారు కంటె మన దగ్గర పంపు తొందరగ అరుగుతది.

6. గేర్ ఆయిల్

పై స్క్రూ, కింది స్క్రూ రెండూ తీసి పాత ఆయిల్ మొత్తం కారనీయండి. కింది స్క్రూకు బూడిద రంగు పేస్టు కొంచెం అంటితే మామూలే. ఇనుప ముక్కలు, పళ్ళ ముక్కలు కనిపిస్తే గేర్లు పోతున్నయి.

కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కియ్యాలె, పైనుంచి పోస్తే లోపల గాలి ఆగిపోతది, నిండింది అనుకుంటం గాని సగమే ఉంటది. 90 నంబర్ హైపాయిడ్ గేర్ ఆయిల్, మెరైన్‌ది దొరికితే అదే. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండ ఆయిల్ కారేదాకా నింపి, ముందు పై స్క్రూ పెట్టండి, తర్వాత ట్యూబు తీసి దబ్బున కింది స్క్రూ పెట్టండి. రెండింటికీ కొత్త వాషర్లు. చిన్న మోటార్లకు పావు లీటరు లోపలే పడతది.

పాత ఆయిల్ పాల రంగుల ఉంటే కొత్తది పోసి పది గంటలు నడిపి మళ్ళ చూడండి. మళ్ళ పాల రంగే వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు పోయింది. సీలు మార్చుడు పుల్లర్ (గుంజి ఊడదీసే పనిముట్టు) ఉంటేనే ఇంట్ల, లేకుంటే తెలిసినోళ్ళ దగ్గరికి తీసుకపోండి.

7. స్పార్క్

స్పార్క్ లేదని కాయిల్ కొనేముందు ఎమర్జెన్సీ స్విచ్ క్లిప్పు పెట్టిండ్రా చూడండి. నిజంగ, సగం మోటార్లకు రోగం ఇదే. క్లిప్పు పెట్టినా స్పార్క్ రాకుంటే స్విచ్ నుంచి వచ్చే వైరు ఊడదీసి చూడండి, అప్పుడు వస్తే స్విచ్ ఖరాబు. అట్ల ఊడదీసి మోటారు నడపొద్దు, నీళ్ళల్ల పడితే ఆపే దారి ఉండది.

ప్లగ్గును వైరుకు పెట్టి బాడీకి తగిలిచ్చి నీడల తాడు గుంజండి. నీలం రంగుల చటచట చప్పుడుతోని రావాలె. పసుపుగ, సన్నగ వస్తే బలం లేదు. ప్లగ్గు రంధ్రం దగ్గర కాకుండ దూరంగ పెట్టి చూడండి, లోపల పెట్రోలు ఆవిరి ఉంటే అంటుకుంటది.

ప్లగ్గు నంబరు పాతది చూసి కాకుండ మోటారు పుస్తకం చూసి తెచ్చుకోండి. ఎన్‌జీకే ప్లగ్గు నంబరు చివర్ల 10 ఉంటే గ్యాప్ 1.0 మిల్లీమీటర్ అని అర్థం, ఫీలర్ గేజ్‌తోని చూసుకోండి. చేతితోని చివరిదాకా తిప్పి, తర్వాత పానాతోని అరచుట్టు బిగిస్తే చాలు.

చాలా పాత మోటార్లకు ఫ్లైవీల్ కింద పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటు కలిపి తెంపే కాంటాక్టులు) ఉంటయి. ఫ్లైవీల్ తీయాలంటే పుల్లర్ కావాలె, అంచు మీద సుత్తెతోని కొడితే లోపల మాగ్నెట్లు ఊడుతయి.

పాత ప్లగ్గు రంగు కూడ చాలా చెప్తది. పాల కాఫీ రంగుంటే మంచిగ మండుతున్నది. నల్లగ తడిగ ఉంటే ఆయిల్ ఎక్కువో, స్పార్క్ తక్కువో. తెల్లగ కాలినట్టు ఉంటే పెట్రోలు సరిపోక వేడెక్కుతున్నది, అట్లనే నడిపితే పిస్టన్ రంధ్రం పడతది. నీటి చుక్కలు కనిపిస్తే హెడ్ గాస్కెట్ చూడాలె.

8. పెట్రోలు, ఆయిలు, పైపులు

ఇప్పుడు మన బంకుల్ల దాదాపు అంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తున్నది. ఇథనాల్ గాల్ల తేమను గుంజుకుంటది, వానకాలం చెరువు కట్ట మీద పెట్టిన ట్యాంకుల ఇది ఇంకా ఎక్కువ. నీళ్ళు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్ళు కలిసి ట్యాంకు అడుగుకు దిగుతయి, పైపు గుంజేది ఆ అడుగు నుంచే. ఆ అడుగు పొరల ఆయిల్ ఉండది, అంటే టూ స్ట్రోక్ మోటారు ఆయిల్ లేకుండ తిరిగినట్టు.

గాజు సీసాల కొంచెం పెట్రోలు పట్టి పదిహేను నిమిషాలు కదలకుండ పెట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం పారబోసి కడుక్కోవాలె. రెండు మూడు వారాలల్ల అయిపోయేంతే కొనుక్కోండి, రాత్రి పూట ట్యాంకు గాలి మూత బిగించండి.

పెట్రోల్ల ఆయిల్ కలిపే లెక్క (ముందు పెట్రోలు, తర్వాత ఆయిల్):

- 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకు 200
- 25:1 అంటే లీటరుకు 40, కొత్త పిస్టన్, రింగులు వేసినప్పుడు, ఇంకా చాలా పాత మోటార్లకు
- 100:1 అని రాసి ఉన్న మోటార్లు కూడ ఉన్నయి, మీ మోటారు మీద ఏది రాస్తే అది

ఆయిల్ టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే వాడండి. బండ్లకు పోసే 2టీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, వేడి ఎక్కువ ఉండే చోట పనిచేస్తది, నీళ్ళతో చల్లబడే మోటార్ల అది మసి, బూడిద పేర్చి రింగులు పట్టేస్తది. ఒక్కసారికి ఆపదల పోస్తే పోసిండ్రు గాని అలవాటు చేసుకోకండి. సగం పెట్రోలు పోసి, ఆయిల్ పోసి, మూత పెట్టి ఊపి, తర్వాత మిగతా పెట్రోలు పోస్తే మంచిగ కలుస్తది.

పాత రబ్బరు పైపులకు, బల్బుకు (పెట్రోలు పైపు మధ్యల పిసికే రబ్బరు ఉండ) ఇథనాల్ పడది. పైపు వంచితే పగుళ్ళు కనిపిస్తే, బల్బు పిసికితే నల్ల పొడి వస్తే రెండూ మార్చండి. బల్బు మీద బాణం గుర్తు మోటారు దిక్కు ఉండాలె. పిసికితే ఎనిమిది, పది సార్లల్ల గట్టిపడాలె. గట్టిపడకుంటే ఎక్కడో గాలి గుంజుతున్నది, ముందు కనెక్టర్ల ఓ రింగులు చూడండి. నడిచేటప్పుడు బల్బు చప్పిడిపోతే ట్యాంకు దిక్కు అడ్డం ఉన్నది, చాలాసార్లు ట్యాంకు గాలి మూత తెరవకపోవుడే.

9. కార్బరేటర్

పైవన్నీ అయినంకనే ఇది. లింకులు, స్ప్రింగులు ఎట్ల ఉన్నయో నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీయండి. తీసిన కార్బరేటర్‌ను ట్రేల పెట్టి కింది గిన్నె విప్పండి. ఏడాది నిల్వ ఉన్న పెట్రోలు అయితే గిన్నె అడుగున బెల్లం పాకం లెక్క గోధుమ రంగు జిగురు ఉంటది, వాసన కూడ పెట్రోలు వాసన కాదు, పుల్లటి వార్నిష్ వాసన.

పైలట్ స్క్రూను (స్లోల పెట్రోలు, గాలి సరిచేసేది) తీసేముందు లోపలికి మెల్లగ తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఒకటిన్నర చుట్టు దగ్గర ఉంటది మామూలుగ. గట్టిగ బిగిస్తే సూది కొన చెడతది, ఆగిందని తెలియంగనే ఆపండి.

జెట్లు, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు, తీసి స్ప్రే కొట్టండి, వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగ మెరవాలె. రంధ్రం మూసుకుంటే తీగ, పిన్నీసు పెట్టకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే మోటారు ఎప్పటికీ సరిగ్గ నడవది. మన దగ్గర దీనికి మంచి సామానే ఉన్నది, వల నైలాన్ పోగు. సన్నకన్ను వలది ఒక పోగు కత్తిరించి జెట్టు గుండా అటు ఇటు గుంజండి, గీత పడకుండ జిగురు వస్తది. కార్బరేటర్ లోపలి దారుల్ల స్ప్రే కొట్టి, ఒక రంధ్రంల కొడితే ఇంకో రంధ్రం నుంచి వస్తున్నదా చూసుకోండి. స్ప్రే కళ్ళల్ల పడుతది, అద్దాలు పెట్టుకోండి.

ఫ్లోట్ సూది కొనకు గీత పడి ఉంటే మార్చాలె, లేకుంటే పెట్రోలు పొంగుతనే ఉంటది. కార్బరేటర్ బోర్లిచ్చి చూస్తే ఫ్లోట్ దాదాపు సమంగ, గాస్కెట్ అంచుకు సమాంతరంగ ఉండాలె. గాస్కెట్లు కొత్తవే వేయండి.

10. డ్రమ్ముల మొదటి స్టార్ట్

- ప్లగ్గులు, వైర్లు, ఎమర్జెన్సీ క్లిప్పు పెట్టినమా
- గేరు న్యూట్రల్‌ల ఉన్నదా
- డ్రమ్ముల నీళ్ళు ప్లేటు పైకి ఉన్నయా
- ట్యాంకు గాలి మూత తెరిచినమా, బల్బు గట్టిపడిందా
- పిల్లలు దూరంగ ఉన్నరా

చోక్ పెట్టి, తాడు పట్టు దొరికేదాకా మెల్లగ గుంజి, అప్పుడు ఒక్కపారి గట్టిగ గుంజండి. స్టార్ట్ కాంగనే చోక్ తీసి పక్క రంధ్రం నుంచి వచ్చే నీళ్ళ ధార మీద కన్ను పెట్టండి. పది పదిహేను సెకండ్లల్ల ధార రాకుంటే ఆపెయ్యండి, "ఇంకొంచెం చూద్దాం" వద్దు. ఆ రంధ్రంల కందిరీగలు మట్టి గూడు పెట్టుకుంటయి, ముందు పుల్లతోని చూడండి, తర్వాతనే పంపు అనుమానం.

ధార మంచిగ వస్తే స్లోల ఒక అయిదు, పది నిమిషాలు నడపండి. సిలిండర్ హెడ్ మీద చెయ్యి మూడు నాలుగు సెకండ్లు పెట్టగలగాలె, నీళ్ళ చుక్క వేస్తే సుయ్యిమని ఆవిరైతే వేడెక్కుతున్నట్టు. డ్రమ్ముల ఎక్కువ రేస్ ఇయ్యకండి.

ఆ డ్రమ్ము నీళ్ళ మీద ఆయిల్ తెట్టె కట్టి ఉంటది. చెరువుల, వాగుల పోయకండి. ధర్మసాగర్ లాంటి చెరువుల నీళ్ళు వరంగల్ జనం తాగుతరు, మన చేపలు పెరిగేది కూడ ఆ నీళ్ళల్లనే. తెట్టెను రంపపు పొట్టుతోని పీల్చి తీయండి, విప్పినప్పుడు కారిన పాత ఆయిల్ పాత ఆయిల్ కొనేటోళ్ళకు ఇయ్యండి.

11. ప్రొపెల్లర్, వల దారం

రెండు నెలలకొకసారి ప్రొపెల్లర్ విప్పండి. పిన్ను తీసి, నట్టు తీసి, వెనక వాషర్ దాకా చూడండి. నైలాన్ దారం చుట్టుకొని వేడికి కరిగి సీలులకు కోసుకపోతది, గేర్ బాక్స్‌ల నీళ్ళు వచ్చేది ఎక్కువగ దీంతోనే. బయటికి ఏం కనిపించది, విప్పితే వెంట్రుక లెక్క చుట్లు చుట్లు ఉంటది. తీసేసి షాఫ్ట్‌కు గ్రీజు రాసి బిగించండి.

చిన్న మోటార్లకు షియర్ పిన్ను ఉంటది, రాయి తగిలితే అది తెగి గేర్లను కాపాడతది. తెగిన పిన్ను జాగల ఇనుప మేకు పెట్టకండి, ఈసారి రాయి తగిలితే మేకు తెగది, గేరు పళ్ళు తెగుతయి. రెండు అసలు పిన్నులు మోటారు మూత లోపల టేపుతోని అంటిచ్చి పెట్టుకోండి.

12. నీళ్ళ మీద రోగాలు

స్టార్ట్ అయి రెండు నిమిషాలకు ఆగిపోతున్నదా, ట్యాంకు గాలి మూత, బల్బు, ఆ వరుసల చూడండి. స్లోల నిలవకుండ, ఫుల్‌ల మంచిగ పోతే పైలట్ జెట్టు మూసుకుంది. స్లోల మంచిగుండి ఫుల్ అందుకోకుంటే మెయిన్ జెట్టు, లేదా పెట్రోల్ పంపు డయాఫ్రం, అంటే లోపలి పల్చటి పొర. బల్బు పిసుకుతుంటే నడిచి, ఆపితే చస్తే అది డయాఫ్రమే.

మోటారు అరుస్తున్నది గాని పడవ పోతలేదంటే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారుతున్నది, లేకుంటే షియర్ పిన్ను తెగింది. మలుపుల గాలి గుంజి అరుస్తే మోటారు ఎత్తుగ ఉన్నది, అడ్డ ప్లేటు పడవ అడుగుకు సమంగనో, ఒక ఇంచు లోపల కిందికో ఉండాలె. పొట్టి షాఫ్ట్‌కు 15 ఇంచులు, పొడుగు దానికి 20 ఇంచులు పడవ వెనక పలక ఎత్తు కావాలె, కొనేముందే కొలుచుకోండి.

గుర్రపు డెక్క, నాచుల పోయినప్పుడు ధార సన్నబడితే దబ్బున ఆపి, మోటారు ఎత్తి నీళ్ళు గుంజే జాలీ మీద నాచు తీయండి.

13. మోటారు నీళ్ళల్ల పడితే

గోదావరిల గాని చెరువుల గాని మోటారు జారి మునిగితే, తీసినంక రెండు మూడు గంటల లోపల పని అయిపోవాలె. నడుస్తుండంగ పడితే లోపల రాడ్డు వంగి ఉండొచ్చు, గట్టిగ పట్టేసినట్టు అనిపిస్తే బలవంతంగ గుంజకండి.

ఆగి ఉన్నప్పుడు పడితే: మంచినీళ్ళతోని బురద కడగండి, ప్లగ్గులు తీయండి, ప్లగ్గు రంధ్రాలు కిందికి ఉండేటట్టు వంచి తాడు మెల్లగ గుంజి నీళ్ళు బయటికి పంపండి. కార్బరేటర్ గిన్నె ఖాళీ చేసి కడగండి, వైర్ల కనెక్షన్లు తుడిచి ఆరబెట్టండి, ప్లగ్గు రంధ్రాలల్ల రెండు చెంచాల టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ పోసి తిప్పండి, కొత్త ప్లగ్గులు పెట్టి డ్రమ్ముల కనీసం అరగంట నడపండి. అంత తొందరగ చెయ్యలేరా, అయితే మోటారును మంచినీళ్ళ డ్రమ్ములనే మొత్తం ముంచి ఉంచండి. వినడానికి ఉల్టా అనిపిస్తది గాని, తుప్పు పట్టేది తడి మీద గాలి తగిలినంకనే.

14. ఎండాకాలం దాచిపెట్టుడు

మన దగ్గర మోటారు ఊకె ఉండేది ఏప్రిల్ నుంచి చెరువు మళ్ళ నిండేదాకా. ఆ 44, 45 డిగ్రీల ఎండల కార్బరేటర్‌ల పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతది, మళ్ళ 9వ పని మొదటికి.

డ్రమ్ముల నడుస్తుండంగనే పెట్రోలు పైపు ఊడదీసి, దానంతట అది ఆగేదాకా నడపనీయండి. కార్బరేటర్ గిన్నె స్క్రూ తీసి మిగిలింది కార్చండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌కు చెంచాడు టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ పోసి, తాడు మెల్లగ నాలుగైదు సార్లు గుంజి, ప్లగ్గులు పెట్టండి. గేర్ ఆయిల్ ఇప్పుడే మార్చండి, నీళ్ళు కలిసిన ఆయిల్ నాలుగు నెలలు లోపల ఉంటే బేరింగులు తుప్పు పడతయి.

ట్యాంకుల మిగిలిన పెట్రోలు నిల్వ పెట్టకండి, తాజాగ ఉన్నప్పుడే ఇంకో మోటార్ల వాడెయ్యండి.

మోటారును స్టాండు మీద నిటారుగ పెట్టండి, లోపలి నీళ్ళు కారిపోవాలె. పడుకోబెట్టాల్సి వస్తే గేర్ బాక్స్ ఇంజన్ కంటె ఎత్తుగ ఉండొద్దు, నీళ్ళు వెనక్కి సిలిండర్లకు పోతయి. గోనె సంచి కప్పండి గాని ప్లాస్టిక్ కవరు చుట్టకండి, లోపల చెమ్మ ఆగుతది. మూత కింద ఎలుకలు దూరి వైర్లు కొరుకుతయి, పదిహేను రోజులకొకసారి మూత తీసి చూడండి, చూసినప్పుడే తాడు ఒక్కపారి మెల్లగ గుంజి పెడితే రింగులు పట్టెయ్యవు.